మార్గరెట్ మోర్స్ నైస్: పిచ్చుకల వెంట ఎనిమిదేళ్ళు

మార్గరెట్ మోర్స్ నైస్ పేరు నాకు మొదట తగిలింది పక్షుల పుస్తకంలో కాదు. చంటిపిల్లలకి మాటలు ఎలా వస్తాయన్న విషయం మీద ఏదో చదువుతుంటే, పిల్లలు మాట్లాడే వాక్యంలో సగటున ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టి వాళ్ళ భాష ఎంతవరకు వచ్చిందో చెప్పొచ్చని 1925లోనే ఒకావిడ వ్యాసం రాశారని కనబడింది. ఆ కొలతనే 1973లో రోజర్ బ్రౌన్ మరికాస్త సానబట్టి ప్రచారంలోకి తెచ్చాడు. భాషాశాస్త్రం వాళ్ళు, స్పీచ్ థెరపీ వాళ్ళు ఇప్పటికీ వాడుతూనే ఉన్నారు. ఆ తరవాత చాలా రోజులకి అమెరికాలో పక్షిశాస్త్రం ఎలా ఎదిగిందో చదువుతుంటే మళ్ళీ అదే పేరు! ఇద్దరూ ఒకరేనా అని వెతికి చూస్తే, ఒకరే. అప్పట్నుంచి ఈవిడ నన్ను వదల్లేదు.

పుట్టింది 1883 డిసెంబర్ 6న, మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆమ్హర్స్ట్‌లో. తండ్రి ఆన్సన్ మోర్స్ అక్కడి కాలేజీలో చరిత్ర ప్రొఫెసరు. తల్లి కూడా ఆ రోజుల్లోనే మౌంట్ హోల్యోక్‌లో చదువుకున్న మనిషి. ఏడుగురు పిల్లల్లో మార్గరెట్ నాలుగోది. 1895 క్రిస్మస్‌కి మేబెల్ ఆస్‌గుడ్ రైట్ రాసిన బర్డ్‌క్రాఫ్ట్ అన్న పుస్తకం చేతికొచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల. జీవితంలో అంత అపురూపమైన కానుక ఇంకోటి లేదని పెద్దయ్యాక రాసుకుంది.

ఇంట్లో చదువుకి లోటు లేదు. చదువుకున్నాక ఏం చెయ్యాలన్న దగ్గరే తేడా. తనూ మౌంట్ హోల్యోక్‌లోనే చదివి 1906లో డిగ్రీ పుచ్చుకుంది. ఇక ఇంటిపట్టున ఉండి అమ్మకి సాయం చెయ్యమన్నారు. అంత చదువుకున్న కుటుంబాల్లో కూడా ఆడపిల్లకి డిగ్రీ అంటే ఒక అలంకారం, అంతే. మన అమ్మమ్మల కాలం కబుర్లు విన్నవాళ్ళకి ఇదేం వింత కాదనుకోండి. సరిగ్గా ఆ సమయంలో క్లార్క్ యూనివర్సిటీ నుంచి క్లిఫ్టన్ హాడ్జ్ అనే ఆయన వచ్చి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. బతికున్న జీవాన్ని గమనించి కూడా శాస్త్రం చెయ్యొచ్చని ఆవిడకి అప్పుడు తెలిసింది. ఇంట్లోవాళ్ళకి ఇష్టం లేకపోయినా వూస్టర్ వెళ్ళి క్లార్క్‌లో చేరింది. అక్కడ బాబ్‌వైట్ అనే పక్షి (మన పూరేడుపిట్టకి చుట్టం అనుకోవచ్చు) ఏం తింటుంది, ఎంత తింటుంది అని పరిశోధన మొదలుపెట్టింది. అంటే పక్షుల్ని పెంచుకుంటూ, వాటికి పెట్టిన పురుగుల్నీ గడ్డి గింజల్నీ లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం. ఆ పని 1910లో వ్యాసంగా వచ్చింది. దాన్నే పీహెచ్‌డీ దాకా తీసుకెళ్దామనుకుంది.

1909లో అక్కడే చదువుతున్న లెనర్డ్ బ్లెయిన్ నైస్‌ని పెళ్ళి చేసుకుంది. పీహెచ్‌డీ ఆగిపోయింది. భర్త అడ్డుపడ్డాడని కాదు. ఆ డిగ్రీ తెచ్చుకోమని తనని ఏ ఒక్కరూ ప్రోత్సహించలేదనీ, చుట్టూ వినబడేదంతా వద్దనే మాటేననీ, తను సంసారంలో పడినందుకు అమ్మానాన్నా హాయిగా ఊపిరి పీల్చుకున్నారనీ ఆవిడే తన ఆత్మకథలో చెప్పింది. ఆ పుస్తకంలో కోపం ఎక్కడా పెద్దగా కనబడదు. అందుకే ఈ చోట కాసేపు ఆగిపోతాం.

1913లో బ్లెయిన్‌కి ఓక్లహామా యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చి నార్మన్ అనే చిన్న ఊరికి మారారు. వరసగా ఆడపిల్లలు. కాన్‌స్టన్స్, మార్జొరీ, బార్బరా, ఎలినార్, ఆ తరవాత జానెట్. పరిశోధన చెయ్యాలన్న మనిషి, ఇంట్లో పిల్లలు తప్ప వేరే జీవాలేవీ దొరక్కపోతే ఏం చేస్తుంది? పిల్లల్నే గమనించింది. ఏ నెలలో ఏ మాట వచ్చింది, ఎన్ని మాటలు వచ్చాయి, ఎప్పుడు రెండు మాటలు కలిపింది, అన్నీ రాసుకుంటూ పోయింది. 1915లో ఆ పని మీదే క్లార్క్ వాళ్ళు మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. ఇచ్చారు. పిల్లల భాష మీద డజనుకి పైగా వ్యాసాలు అచ్చయ్యాయి. నేను మొదట చూసింది వాటిల్లో ఒకదాని ప్రస్తావనే.

ఇది ఆవిడ జీవితంలో పక్కదారి అని చాలామంది దాటేస్తారు. నాకు అలా అనిపించదు. ఒక్క పిల్లని పట్టుకుని రోజూ, ఏళ్ళ తరబడి, చిన్న తేడా కూడా వదలకుండా రాసుకోవడం ఆవిడ అలవాటు చేసుకున్నది ఇక్కడే. ఆ కాలపు పక్షిశాస్త్రం తీరు వేరు. తుపాకీతో కొట్టి, చర్మంలో దూది కూరి, మ్యూజియం సొరుగుల్లో పేర్చి, ఏ జాతి ఏ జిల్లాలో ఉందో జాబితా వెయ్యడం. జాతి ముఖ్యం, ఒక్కో పక్షి కాదు. ఫలానా పిల్ల ఫలానా రోజున ఏం చేసింది అన్న తల్లి నోటుబుక్కు పద్ధతిని పక్షుల దగ్గరికి తీసుకెళ్ళడమే ఈవిడ చేసిన పని అని నా అభిప్రాయం. ఆవిడ అలా ఎక్కడైనా చెప్పుకుందని కాదు, రెండు పనులూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనబడేది అది.

ఇవన్నీ చేస్తున్నా నార్మన్‌లో ఆవిడకి ఊపిరాడలేదు. ఇంటి చాకిరీలో, వస్తువుల మధ్యలో పడి మనసు అణగారిపోయిందని రాసుకుంది. భర్తకీ పిల్లలకీ బుర్రలున్నాయి, తనకి మాత్రం లేదన్నట్టు నలుగురూ మాట్లాడటం ఒళ్ళు మండించేదట. అలాంటి రోజుల్లో, 1919 ఆగస్టులో, మోర్నింగ్ డవ్ అనే గువ్వల వేటకి ఆగస్టు నుంచే అనుమతివ్వాలని, అప్పటికి పిల్లలన్నీ గూళ్ళు వదిలేసి ఉంటాయని పేపర్లో ఒక ప్రతిపాదన కనబడింది. అది నిజం కాదని ఆవిడకి తెలుసు. పేపరుకి ఉత్తరం రాసింది. కానీ ఉత్తరంతో సరిపోదు, లెక్కలు కావాలి. యూనివర్సిటీ ఆవరణలో చెట్లు వెతకడం మొదలైంది. ఆడపిల్లలు చెట్లెక్కి గూళ్ళలోకి తొంగిచూసి ఎన్ని గుడ్లో, ఎన్ని పిల్లలో అరిచి చెప్పేవాళ్ళు, కింద నుంచి తల్లి రాసుకునేది. సెప్టెంబర్‌లోనూ గువ్వలు పిల్లల్ని సాకుతున్నాయని, అక్టోబర్ దాకా కూడా కొన్ని గూళ్ళు ఉంటున్నాయని తేలింది. ఆ ఆగస్టులోనే కెనేడియన్ నది ఒడ్డున ఒంటరిగా నడుస్తూ, చిన్నప్పుడు తనకి ప్రాణమైన పక్షుల దగ్గరికే తిరిగి వెళ్ళాలని గట్టిగా అనుకుందట. అప్పటికి ముప్ఫై ఐదేళ్ళు, నలుగురు పిల్లలు.

ఆ తరవాత కుటుంబం మొత్తం పాత కారులో ఓక్లహామా అంతా తిరిగారు. 1924లో భార్యాభర్తలిద్దరి పేరుతో ఆ రాష్ట్రపు పక్షుల మీద పుస్తకం వచ్చింది. అలాంటి పుస్తకం ఆ రాష్ట్రానికి అంతకుముందు లేదు. మంచి పనే, కానీ ఇది కూడా జాబితా పద్ధతిదే. అసలు కథ ఒహాయోలో.

1927లో బ్లెయిన్‌కి ఒహాయో స్టేట్‌లో ఉద్యోగం వచ్చి కొలంబస్ మారారు. వచ్చిన కొత్తలోనే తొమ్మిదేళ్ళ ఎలినార్ న్యుమోనియాతో చనిపోయింది. ఆత్మకథలో దీనికి ఎక్కువ పేజీలు లేవు. ఇల్లు ఓలెంటాంజీ నది గట్టు మీద. ఇంటి వెనకాల రెండు వంతెనల మధ్య కలుపు మొక్కలూ పొదలూ పెరిగిన వరద నేల. ఎవరికీ పనికిరాని చోటు. ఆవిడ దానికి రెండు వంతెనల మధ్య అనే అర్థంలో ఇంటర్‌పాంట్ అని లాటిన్ పేరు పెట్టుకుంది. ఆ పొదల నిండా సాంగ్ స్పారోలు.

ఇక్కడ చిన్న మాట. పేరులో స్పారో ఉంది కదా అని మన ఇళ్ళ చూరుల్లో గూళ్ళు పెట్టే ఊరపిచ్చుక అనుకోవద్దు. ఇది వేరే కుటుంబం. గోధుమరంగు చారలు, రొమ్ము మధ్య ఒక నల్లటి మచ్చ, పొదల్లో నక్కి తిరిగే రకం. అమెరికాలో నీళ్ళ దగ్గర పొదలున్న చోట ఎక్కడైనా మార్చి నెలలో గొంతెత్తి పాడుతూ కనబడుతుంది. చాలామంది తల తిప్పి కూడా చూడరు, అంత మామూలు పిట్ట. ఈవిడ ఎంచుకున్నది దాన్ని.

1928 మార్చిలో మొదటి సాంగ్ స్పారోని పట్టి కాలికి కడియం వేసింది. ప్రభుత్వ నంబరున్న అల్యూమినియం కడియానికి తోడు రంగురంగుల సెల్యులాయిడ్ కడియాలు కూడా వేసేది. నంబరు చదవాలంటే పిట్టని మళ్ళీ పట్టుకోవాలి, రంగులైతే దూరం నుంచే తెలుస్తాయి. ఈ చిన్న ఉపాయం వల్ల పొదలో పిట్ట ఇక ‘ఒక సాంగ్ స్పారో’ కాదు, ఫలానావాడు. మొదటి మగపక్షికి ఊనో అని పేరు, వాడి పెళ్ళాం ఊనా. పక్కింటివాడు 4ఎమ్, అంటే నాలుగో మగపక్షి. వాడి జోడీ క్వార్టా. 1929 వసంతంలో ఊనోకీ 4ఎమ్‌కీ మధ్య హద్దు తగాదా వచ్చింది. పొలం గట్టు తగాదా చూసినవాళ్ళకి బాగా అర్థమవుతుంది. కొత్తగా చోటు ఆక్రమించాలనుకునేవాడు ఒళ్ళు ఉబ్బించుకుని, రెక్క పైకెత్తి ఆడిస్తూ, ఆపకుండా పాడతాడు. ఆ చోటు ఎవరిదో వాడు పాడడు, భుజాలు వంచి గుర్రుగా చూస్తూ వెంటపడతాడు. చివరికి కింద పడి కలబడతారు. తరవాత ఎవరి పొదలోకి వాళ్ళు వెళ్ళి పాటందుకుంటారు. ఈ తగాదా అంతా కూర్చుని చూశాక ఇక ఈ పిట్టల్ని వదలకూడదని నిర్ణయించుకుంది.

ఎనిమిదేళ్ళు. తెల్లవారకముందే లేచి వెళ్ళేది, పిల్లల్ని బడికి పంపే వేళకి ఇంటికి వచ్చేది. వంటలు తేలిక చేసుకుంది. ఎన్నో విషయాలు తేలాయి. ఒక్కో మగపక్షి తన జాగాకి ఏటా తిరిగొస్తుంది, చాలావరకు పాత సరిహద్దుల మధ్యే. కొన్ని చలికాలం అక్కడే గడిపితే కొన్ని దక్షిణానికి వలసపోతాయి, ఒకే కుటుంబంలో కూడా రెండు రకాలూ ఉంటాయి. జంట ఏటా అదే జంట కానక్కర్లేదు. పొదిగేది ఆడపిట్ట ఒక్కతే, పన్నెండు పదమూడు రోజులు. పిల్లలు ఎగరడం రాకముందే, పది రోజులకే గూడు దిగిపోతాయి. పెట్టిన గుడ్లలో సగం కూడా అంతదూరం రావు. పాములు, పిల్లులు, వరద, వీటికితోడు కౌబర్డ్. మన కోకిల కాకి గూట్లో గుడ్డు పెట్టినట్టే అది వీటి గూళ్ళలో పెట్టిపోతుంది.

పాటల సంగతి మరీ బాగుంటుంది. ఒక్కో మగపక్షికీ అరడజనుకి పైగా సొంత పాటలు. ఒకటి అందుకుని పదే పదే పాడాక ఇంకోటి అందుకుంటుంది. ఒకడి పాట ఇంకొకడి పాటలా ఉండదు కాబట్టి కళ్ళు మూసుకుని కూడా ఎవరో చెప్పొచ్చు. కొడుకులు తండ్రి పాట పాడరు. ఇది ఆవిడ ఊహించి చెప్పింది కాదు, తండ్రి ఎవరో కొడుకు ఎవరో కడియాలతో తెలిసి, ఇద్దరి పాటలూ రాసుకుని చెప్పింది. 1935 మే 11న 4ఎమ్ పొద్దున మొదటి కూత నుంచి చీకటిపడి నిద్రపోయేదాకా వెంట కూర్చుని లెక్కపెట్టింది. 2,305 పాటలు. ఈ అంకె ఇప్పటికీ పక్షుల పాటల మీద రాసే పుస్తకాల్లో కనబడుతుంది. నాకు మాత్రం అంకెకన్నా ఆ కూర్చున్న మనిషే ఎక్కువ గుర్తుంటుంది. 4ఎమ్‌తో అప్పటికి ఆవిడకి ఎన్నో ఏళ్ళ పరిచయం.

ఇంత చేసినా దాన్ని అచ్చువేసేవాళ్ళు అమెరికాలో దొరకలేదు. అంత పొడుగు వ్యాసం అక్కడి పత్రికలకి కుదరదు, పైగా ఒకే ఒక్క మామూలు పిట్ట కథ. 1931లో పక్షిశాస్త్రవేత్తల వార్షిక సమావేశంలో ఎర్న్‌స్ట్ మాయర్ పరిచయమయ్యాడు. జర్మనీ నుంచి అప్పుడే న్యూయార్క్ మ్యూజియానికి వచ్చిన కుర్రవాడు, తరవాతి కాలంలో పరిణామవాదంలో మహామహుడు. ఇది ఎంత గొప్ప పనో ఆయనకి వెంటనే తెలిసింది. మరుసటి ఏడాది మార్గరెట్ దంపతులు బెర్లిన్ వెళ్ళి ఎర్విన్ ష్ట్రేజమన్‌ని కలిశారు. మాయర్‌కి గురువు, జర్మన్ పక్షిశాస్త్ర పత్రికకి సంపాదకుడు ఆయనే. ఒహాయో పిట్టల కథ మొదటిసారి సమగ్రంగా వచ్చింది 1933-34లో, జర్మన్ భాషలో, ఆ పత్రికలో.

ష్ట్రేజమన్ పేరు చూడగానే నాకు సాలిం అలీ గుర్తొచ్చాడు. ఆయన కూడా అంతకు రెండు మూడేళ్ళ ముందు, 1929-30లో, బెర్లిన్‌లో ఇదే ష్ట్రేజమన్ దగ్గర పని నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక ఉద్యోగం లేక, బొంబాయికి దగ్గర కిహిమ్ అనే పల్లెలో భార్య తెహ్‌మీనాతో కాపురముంటూ, ఇంటిపక్క చెట్టు మీద గిజిగాళ్ళు గూళ్ళు అల్లుతుంటే నిచ్చెన వేసుకుని కూర్చుని చూశాడు. మగ గిజిగాడు సగం గూడు అల్లి ఆడపిట్ట మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తాడని, ఒకటి కుదిరాక ఇంకో గూడు మొదలుపెడతాడని ఆయన రాసింది అక్కడే. ఆ వెంటనే, 1931-32లో, హైదరాబాదు సంస్థానమంతా తిరిగి మన పక్షుల సర్వే చేశాడు. మార్గరెట్‌కీ సాలిం అలీకీ పరిచయం ఉందని చెప్పడం లేదు. ఇద్దరికీ డాక్టరేటు చదువు లేదు, జీతమిచ్చే ప్రయోగశాల లేదు, ఇంటి దగ్గర ఒక మామూలు పిట్ట ఉంది. ఇద్దరి పనినీ గుర్తుపట్టిన కళ్ళు కూడా ఒకే చోట ఉన్నాయి, అంతే.

1934లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో కోన్రాడ్ లోరెంజ్‌ని కలిసింది. 1938లో ఆస్ట్రియాలో ఆయన ఇంటికి వెళ్ళి, పక్షిపిల్లల్ని చేత్తో పెంచి గమనించడం నేర్చుకుంది. అడవిలో స్వేచ్ఛగా తిరిగే ఒక జంతువుని, ఒక్కొక్కదాన్ని గుర్తుపట్టి ఇంతకాలం పరిశీలించడం ప్రపంచంలో ఇదే మొదలని లోరెంజ్ అన్నాడు. ఆయన ముందుముందు నోబెల్ తీసుకున్న మనిషి కాబట్టి ఆ మాటకి విలువ ఉంది. ఇంగ్లీషులో అసలు పరిశోధన రెండు భాగాలుగా 1937లో, 1943లో న్యూయార్క్ లిన్నియన్ సొసైటీ వేసింది, వెనకాల మళ్ళీ మాయర్ చెయ్యే. మామూలు పాఠకుల కోసం రాసిన ‘ద వాచర్ ఎట్ ద నెస్ట్’ 1939లో వచ్చింది. దానికి బొమ్మలు రోజర్ టోరీ పీటర్సన్ వేశాడు. అది పెద్దగా అమ్ముడుపోలేదు. నాకైతే చాలా ఇష్టమైన పుస్తకం.

గౌరవాలూ వచ్చాయి. 1938లో విల్సన్ పక్షిశాస్త్ర సంఘానికి అధ్యక్షురాలైంది, అమెరికాలోని ఓ పెద్ద పక్షిశాస్త్ర సంఘానికి ఆడవాళ్ళు అధ్యక్షులు కావడం అదే మొదలు. 1942లో బ్రూస్టర్ పతకం. అయినా పత్రికలవాళ్ళకి ఆవిడ ‘పక్షుల్ని చూసే గృహిణి’. ఆ మాట ఆవిడకి అస్సలు గిట్టదు. నేను గృహిణిని కాదు, చదువుకున్న జంతుశాస్త్రవేత్తని అని సరిదిద్దేది. ఈ విషయంలో ఆవిడ కాస్త కటువుగానే ఉండేది, ఉండాల్సిందే అనిపిస్తుంది నాకు. టొరంటోలో పక్షిశాస్త్ర సంఘం ఆడవాళ్ళని చేర్చుకోనంటే, అక్కడి ఆడవాళ్ళు 1952లో సొంత సంఘం పెట్టుకుని దానికి మార్గరెట్ నైస్ పేరే పెట్టారు.

ఇంటర్‌పాంట్ మాత్రం నిలబడలేదు. ఆర్థికమాంద్యం రోజుల్లో ఆ పొదలు నరికి కూరగాయల మళ్ళు వేశారు. ఆకలితో ఉన్నవాళ్ళు బంగాళాదుంపలు పండించుకుంటుంటే పిట్టల కోసం వద్దని ఎవరనగలరు? జంటలు ఏటికేడు తగ్గిపోయాయి. 1936లో భర్తకి షికాగోలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయారు. అక్కడ ఇంటి పక్కన పొదలూ లేవు, సాంగ్ స్పారోలూ లేవు. ఆవిడ బల్ల ముందు కూర్చుంది.

ఆ బల్ల పనిని తక్కువగా చూడటం అన్యాయం. బర్డ్ బ్యాండింగ్ అనే పత్రికకి ఏళ్ళ తరబడి వేలకొద్దీ సమీక్షలు రాసింది. అందులో చాలా భాగం జర్మన్, ఇంకా ఇతర యూరప్ భాషల పరిశోధనలవి. జాబితాల నుంచి బయటపడని అమెరికా పక్షిశాస్త్రానికి అవతల ఏం జరుగుతోందో తెలిసింది చాలావరకు ఆ పేజీల వల్లే. ఈ ఒక్క మనిషి అమెరికా పక్షిశాస్త్రంలో దాదాపు ఒంటిచేత్తో కొత్త కాలం తెచ్చిందని మాయర్ అన్నది అందుకే.

నాకు అన్నిటికన్నా నచ్చింది 1954లో చేసిన పని. వేటపక్షులు ఎన్నాళ్ళు పొదుగుతాయి అని అమెరికా పుస్తకాల్లో రాసిన అంకెలు ఆవిడకి నమ్మబుద్ధి కాలేదు. డేగజాతి పక్షులకి మూడు వారాలు అని ఉంటుంది, గూటి దగ్గర కూర్చుని చూసినవాళ్ళ లెక్కలు చూస్తే అంతకన్నా ఎన్నో రోజులు ఎక్కువ. మరి ఈ మూడు వారాలు ఎక్కడివి? ఒక్కో పుస్తకం ఎవర్ని చూసి రాశాడో, వాడు ఎవర్ని చూసి రాశాడో వెనక్కి వెనక్కి వెళ్ళింది. పంతొమ్మిదో శతాబ్దం, అంతకుముందు మధ్యయుగాలు, ఇంకా వెనక్కి వెళ్తే చివరికి తేలినవాడు అరిస్టాటిల్. రెండు వేల ఏళ్ళకి పైగా ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ వచ్చారు, మధ్యలో చాలామంది గూటి దగ్గరికి వెళ్ళి చూడలేదు.

భర్త పోయిన ఏడాదే, 1974 జూన్ 26న, తొంభై ఏళ్ళ వయసులో షికాగోలో ఆవిడ చనిపోయింది. ఆత్మకథ అయిదేళ్ళ తరవాత, 1979లో, లోరెంజ్ ముందుమాటతో వచ్చింది. పేరు ‘రీసర్చ్ ఈజ్ ఎ ప్యాషన్ విత్ మీ’. పాత పుస్తకాల షాపుల్లో అప్పుడప్పుడూ దొరుకుతుంది. దొరికితే ముందు నార్మన్ రోజులూ, గువ్వల గూళ్ళూ ఉన్న భాగం చదవండి, తరవాత మిగతాది.